ఆదా చేసిన యూనిట్ ఎక్కడికి పోతుంది?

పోయిన నెల ఈ శీర్షికలో మన రెండు తెలుగు రాష్ట్రాల ఇంధన పొదుపు కార్యక్రమాల గురించి నాలుగు మాటలు రాశాను. బిల్లు ఎలా తగ్గించుకోవాలని అడుగుతారనుకున్నాను. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మంది అడిగింది వేరు. దీనివల్ల గాలికి, నీళ్లకి, నేలకి నిజంగా మేలు జరుగుతోందా, లేక ఒకచోట తగ్గించి ఇంకోచోట పెంచుతున్నామా అని. చాలా సంతోషమేసింది. కరెంటు శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసిన నేను సర్వీసులో ఉండగా ఈ ప్రశ్న గట్టిగా వేసుకోలేదని ఇప్పుడు అనిపిస్తోంది. మాకు అప్పుడు యూనిట్లే లెక్క. ఈసారి కాలమ్ మొత్తం దీనికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: "ఒక యూనిట్ పొదుపు చేస్తే రెండు యూనిట్లు ఉత్పత్తి చేసినట్టే" అని ప్రతి డిసెంబర్‌లో బ్యానర్లు కడతారు. ఇది నిజమా? క్లాసులో పిల్లలకు లెక్కతో చెప్పాలని ఉంది. పర్యావరణానికి ఎంత లాభమో వివరించండి. (ఒక ఉపాధ్యాయురాలు, తెనాలి)

రెండు అన్నది కాస్త పెంచి చెప్పిన మాటేనమ్మా. ప్లాంట్ తన సొంత పంపులకి, ఫ్యాన్లకి కొంత వాడుకుంటుంది, దారిలో తీగల్లో, ట్రాన్స్‌ఫార్మర్లలో కొంత పోతుంది, కాబట్టి మీ మీటర్ దగ్గరికి 1 యూనిట్ రావాలంటే అక్కడ సుమారుగా 1.2 యూనిట్లు తయారవ్వాలి. ఒకటీ పాతిక లోపే అనుకోండి. కానీ బొగ్గు వైపు నుంచి చూస్తే కథ మారిపోతుంది. థర్మల్ కేంద్రంలో కాల్చిన బొగ్గులో ఉన్న శక్తిలో దాదాపు మూడో వంతే కరెంటు అవుతుంది, మిగతాదంతా చిమ్నీలోంచి, కూలింగ్ టవర్ లోంచి వేడిగా గాల్లో కలిసిపోతుంది.

పిల్లలకు ఈ లెక్క చెప్పండి. మన దేశపు బొగ్గుతో 1 యూనిట్ తయారవ్వాలంటే సుమారు 650 నుంచి 700 గ్రాముల బొగ్గు కావాలి. మన బొగ్గులో బూడిద ఎక్కువ, మూడో వంతు దాకా బూడిదే, కొన్ని గనుల బొగ్గులో అంతకంటే ఎక్కువ. అంటే యూనిట్‌కి 200 గ్రాముల పైచిలుకు బూడిద. కార్బన్ డయాక్సైడ్ ఒక కిలో దాకా వస్తుంది. సోలార్, జల విద్యుత్తు అన్నీ కలిపి దేశం మొత్తం సగటు తీస్తే 700 గ్రాముల చిల్లర. ఇక నీళ్లు. కూలింగ్ టవర్లున్న పాత ప్లాంట్లు యూనిట్‌కి 3.5 లీటర్లు దాటకూడదని 2015లో కేంద్ర పర్యావరణ శాఖ హద్దు పెట్టింది. హద్దే అంత ఉందంటే వాడకం ఎంతో ఊహించుకోండి.

ఇప్పుడు ఒక ఇంటికి వద్దాం. 75 వాట్ల పాత ఫ్యాన్లు మూడు తీసేసి తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టారు, రోజుకు ఎనిమిది గంటలు తిరుగుతాయి అనుకుంటే నెలకు 30 యూనిట్ల పైన మిగులుతుంది. అంటే నెలకు 20 కిలోల బొగ్గు, 7 కిలోల దాకా బూడిద, 100 లీటర్ల నీళ్లు. ఏడాదికి చూస్తే ఒకటిన్నర సిమెంటు బస్తాల బరువు బూడిద ఒక్క ఇంటి వల్ల తగ్గుతుంది. గాలి సంగతి వదిలేసి ఈ బూడిద సంగతి ముందు ఎందుకు చెబుతున్నానంటే, నేను ఒక థర్మల్ కేంద్రం బూడిద చెరువు పక్కనున్న ఊళ్లో మా బంధువుల ఇంట్లో ఎండాకాలం రెండు రోజులు ఉన్నాను. మధ్యాహ్నం పడమటి గాలి లేవగానే ఆ ఇంటావిడ పరుగెత్తుకెళ్లి దండెం మీద బట్టలు తీసింది. అయినా తెల్ల పంచె మీద సన్నటి బూడిద పొర, వేలితో రాస్తే గీత పడేంత. తులసి కోటలో ఆకులు కూడా బూడిద రంగులోనే ఉన్నాయి, పొద్దున్నే ఆవిడ వాటిని చెంబుతో కడిగేది. వాళ్ల బావి నీళ్లు తాగడం మానేసి చాలా ఏళ్లయిందట. మన ఇంటి స్విచ్‌కి ఆ తులసి ఆకులకి సంబంధం ఉందని పిల్లలకు అర్థమైతే మిగతా లెక్కలు వాళ్లే వేసుకుంటారు.

ప్రశ్న: నేను ఇక్కడ లైటు ఆపితే ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో బాయిలర్ ఆగుతుందా సార్? ఎలాగూ ప్లాంట్ నడుస్తూనే ఉంటుంది కదా. ఈ పొదుపంతా మనల్ని మనం మోసం చేసుకోవడం అనిపిస్తుంది. (ప్రైవేటు ఉద్యోగి, విజయవాడ)

కోపం అర్థమైంది. ఒక్క లైటుకి బాయిలర్ ఆగదు, నిజం. కానీ గ్రిడ్‌లో ఏ క్షణానికి ఎంత వాడకం ఉందో ఆ క్షణానికి అంతే ఉత్పత్తి ఉండాలి, దాచిపెట్టుకునే వీలు చాలా తక్కువ. లోడ్ డెస్పాచ్ సెంటర్లో కూర్చున్నవాళ్లు రోజంతా చేసే పని ఇదే. వాడకం తగ్గితే ఖరీదైన ప్లాంట్ నుంచి లోడ్ తగ్గించమని ఫోన్ చేస్తారు. లక్షల ఇళ్లలో తగ్గిందంటే అక్కడ తప్పకుండా కనబడుతుంది. మా రోజుల్లో సాయంత్రం భారీ వాన పడిందంటే, ఏసీలు, కూలర్లు, మోటార్లు ఒక్కసారిగా ఆగిపోయి, కంట్రోల్ రూమ్‌లో అందరికీ టెన్షనే.

అయితే మీ ప్రశ్నలో మీరు అడగని ఒక మంచి విషయం దాక్కుని ఉంది. ఎంత ఆదా చేశామన్నది ఒక్కటే కాదు, *ఏ టైములో* ఆదా చేశామన్నది చూడాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు సోలార్ బాగా పెరిగింది. మిట్టమధ్యాహ్నం గ్రిడ్‌లో సోలార్ కరెంటు పుష్కలంగా ఉంటుంది. పొద్దుగూకగానే అది సున్నా అయిపోతుంది, సరిగ్గా అప్పుడే ఇళ్లలో లైట్లు, టీవీలు, ఏసీలు, గీజర్లు అన్నీ మొదలవుతాయి. ఆ భారమంతా బొగ్గు మీద, రిజర్వాయర్లలో నీళ్లుంటే కొంత శ్రీశైలం, సాగర్ లాంటి జల విద్యుత్తు మీద పడుతుంది. కాబట్టి సాయంత్రం ఆరు నుంచి పది మధ్య మీరు ఆపిన లైటు, మధ్యాహ్నం ఆపిన లైటు కంటే గాలికి చాలా ఎక్కువ మేలు చేస్తుంది. బట్టలు ఉతికే మిషన్, ట్యాంకు నింపే మోటారు, ఇస్త్రీ, వీటిని ఎండ ఉన్నప్పటికి మార్చుకుంటే మీ యూనిట్లు ఒక్కటి కూడా తగ్గవు, బొగ్గు మాత్రం తగ్గుతుంది. మన పొదుపు ప్రచారంలో ఈ మాట ఇంకా సరిగా వినపడటం లేదు. బిల్లు తగ్గదు కాబట్టి ఎవరికీ పట్టదు, అదీ సంగతి.

ఇంకొకటి. అసలు లాభం, ఇప్పటికే ఉన్న ప్లాంట్‌ని కాస్త తగ్గించి నడపడంలో లేదు. బొగ్గు ప్లాంట్‌ని సగం లోడ్ మీద నడిపితే యూనిట్‌కి కాలే బొగ్గు ఇంకా పెరుగుతుంది కూడా. అసలు లాభం, కొత్త ప్లాంట్ కట్టాల్సిన అవసరం రాకపోవడంలో ఉంది. ఉజాలా పథకం కింద దేశమంతటా పంచిన ఎల్‌ఈడీ బల్బులు సుమారు 36 కోట్లు దాటాయి, వాటివల్ల పీక్ డిమాండ్, అంటే వాడకం అన్నిటికంటే ఎక్కువగా ఉండే వేళ కావాల్సిన కరెంటు, 9,000 మెగావాట్ల పైన తగ్గిందని కేంద్రం లెక్క. పరవాడ దగ్గరి సింహాద్రి కేంద్రం 2,000 మెగావాట్లు. అలాంటివి నాలుగు పైన అన్నమాట. ఒక ప్లాంట్ వస్తుందంటే ఆ ఊరికి ఏమవుతుందో శ్రీకాకుళం జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు. సోంపేట బీల భూముల్లో థర్మల్ కేంద్రం వద్దని 2010లో జనం ఎదురు తిరిగితే కాల్పుల్లో ప్రాణాలే పోయాయి. ఆ చిత్తడి నేల, దాని మీద బతికే మత్స్యకారులు, రైతులు, పక్షులు, ఇవన్నీ కరెంటు లెక్కల పుస్తకంలో ఏ కాలమ్‌లోనూ ఉండవు. డిమాండ్ పెరగకుండా ఆపితే ఇంకో బీల జోలికి వెళ్లే అవసరం తగ్గుతుంది. మిమ్మల్ని మీరు మోసం చేసుకోవడం లేదు, నిశ్చింతగా ఉండండి.

ప్రశ్న: ఎల్‌ఈడీలు పెట్టాక తీసేసిన సీఎఫ్‌ఎల్ బల్బులు, ట్యూబ్‌లైట్లు అటక మీద అట్టపెట్టెలో ఇరవై దాకా ఉన్నాయి. చెత్త బండిలో వేస్తే తప్పా? పోయిన వారం ఒకటి పగిలింది, చీపురుతో ఊడ్చేశాను. పసిపిల్ల ఉంది ఇంట్లో, భయంగా ఉంది. (గృహిణి, రాజమహేంద్రవరం)

ముందు భయం తగ్గించుకోమ్మా. ఒక సీఎఫ్‌ఎల్‌లో ఉండేది కొన్ని మిల్లీగ్రాముల పాదరసం. ఒకటి పగిలి, కిటికీలు తెరిచి ఉంటే, ఒక్కసారికి పెద్ద ప్రమాదం ఏమీ ఉండదు. కానీ చీపురుతో ఊడవకూడదు. పాదరసం చీపురు పుల్లలకు పట్టుకుంటుంది, తర్వాత ఇల్లంతా అదే చీపురు తిరుగుతుంది. ఆ చీపురు పారేయండి. ఈసారి ఎప్పుడైనా పగిలితే ముందు పిల్లను తీసుకుని అందరూ గదిలోంచి బయటికి రండి, ఫ్యాన్, ఏసీ ఆపేసి కిటికీలు తెరిచి ఓ పావుగంట వదిలేయండి. తర్వాత గట్టి అట్టముక్కతో పెంకులు ఎత్తి, మిగిలిన పొడిని టేపు అంటించి తీసి, తడి కాగితంతో తుడిచి, అన్నీ మూత ఉన్న గాజు సీసాలో వేసి బిగించండి. వాక్యూమ్ క్లీనర్ అసలు వాడొద్దు.

చెత్త బండిలో వేయడం తప్పే. అక్కడ బండిలోనే పగులుతాయి, ఆ పాదరసం పీల్చేది వాటిని ఉత్త చేతులతో వేరుచేసే పారిశుద్ధ్య కార్మికులు. తర్వాత డంపింగ్ యార్డ్, అక్కడి నుంచి వాన నీళ్లు, చెరువు, చేప. 2016 ఈ-వ్యర్థాల నిబంధనల్లోనే ట్యూబ్‌లైట్లు, సీఎఫ్‌ఎల్‌లు చేర్చారు, 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న కొత్త నిబంధనల ప్రకారం కూడా వాటిని తిరిగి శుద్ధి చేయించే బాధ్యత తయారుచేసిన కంపెనీలదే. కాగితం మీద బాగుంది. మీ వీధి చివర ఎలక్ట్రికల్ షాపుకు తీసుకెళ్తే తీసుకుంటాడా అంటే, నాకు తెలిసి చాలాచోట్ల తీసుకోడు. మున్సిపాలిటీ వాళ్లు ఈ-వ్యర్థాలు తీసుకునే రోజు పెడితే అప్పుడు ఇవ్వండి, అప్పటిదాకా ఆ పెట్టెను అటక మీదే, పాత న్యూస్‌పేపర్లు మధ్యలో పెట్టి, పిల్లలకు అందకుండా ఉంచండి. దాచడం వల్ల నష్టం లేదు, పగలడం వల్లే నష్టం.

దీని గురించి నాకు నిజంగా బాధగా ఉంటుంది. 2014 అక్టోబర్‌లో మన దగ్గర గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాల్లో ఇంటికి రెండు ఎల్‌ఈడీలు, ఒక్కోటి 10 రూపాయలకు ఇవ్వడం మొదలైంది. దేశవ్యాప్త పథకానికి అదే దారి చూపింది. చాలా గొప్ప పని. పాత బల్బు తెచ్చి ఇస్తే కొత్తది ఇచ్చే కౌంటర్ల దగ్గర నేనూ నిలబడ్డాను. ఫిలమెంట్ బల్బు పగిలితే గాజు, కాస్త లోహం, అంతే. సీఎఫ్‌ఎల్ అలా కాదు. కొత్త బల్బు ఎంతమందికి చేరిందో రోజూ లెక్క అడిగాం, పాతది ఎటు వెళ్లిందో అంత పట్టుదలతో అడగలేదు. ఇప్పుడు ఆ ఎల్‌ఈడీల వంతు వచ్చింది. వాటిలో పాదరసం లేదు, కానీ లోపల డ్రైవర్ అనే చిన్న సర్క్యూట్ ఉంటుంది, టంకం, రాగి, ప్లాస్టిక్ ఉంటాయి. చౌకరకం బల్బులో ముందు కాలిపోయేది ఆ డ్రైవరే, చిప్ బాగానే ఉంటుంది. పదేళ్లు రావాల్సిన బల్బు రెండేళ్లకే పోతే మిగిలిన కరెంటు లాభంలో కొంత చెత్తకుప్పలో పడినట్టే. కొనేటప్పుడు వారంటీ కార్డు అడగండి, పోయినప్పుడు సిగ్గుపడకుండా తీసుకెళ్లి మార్చమనండి.

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. ఆరు ఎకరాలు, బోరు మీద చీనీ తోట. పాత మోటారు తీసేసి స్టార్ రేటింగ్ ఉన్న మోటారు పెట్టుకోమని చెబుతున్నారు. మాకు కరెంటు ఉచితమే కదా, మాకేంటి లాభం? దీనివల్ల నీళ్లకు మంచిదా చెడ్డదా? (ఒక రైతు)

అన్నా, ఈ నెల వచ్చిన ప్రశ్నలన్నింటిలో బరువైనది మీదే. దీనికి కాస్త ఓపిగ్గా చెబుతాను.

వెయ్యి లీటర్ల నీళ్లు వంద మీటర్ల లోతు నుంచి పైకి రావాలంటే, ఎక్కడా ఏ నష్టమూ లేకపోతే 0.27 యూనిట్ చాలు. పాత మోటారు, రెండుసార్లు వైండింగ్ చేయించింది, పంపు లోపల అరిగిపోయింది అనుకోండి, మొత్తం సామర్థ్యం 30 శాతం దగ్గర ఉంటుంది, అప్పుడు 0.9 యూనిట్ తింటుంది. మంచి పంపుసెట్ 50 శాతం ఇస్తే 0.55 యూనిట్. వెయ్యి లీటర్లకు మూడో వంతు పైన తగ్గింది. ఇంతవరకు అంతా లాభమే. మీకు కూడా, వోల్టేజ్ తక్కువున్నప్పుడు మోటారు కాలడం తగ్గుతుంది, కెపాసిటర్ పెట్టుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం తగ్గి అది కాలిపోవడం తగ్గుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే చందాలేసుకుని ట్రాక్టర్ మీద తీసుకెళ్లే బాధ మీకు తెలిసిందే.

ఇక్కడే మెలిక ఉంది. మంచి పంపు అదే గంటలో ఎక్కువ నీళ్లు తోడుతుంది. మీకు రోజుకు తొమ్మిది గంటల కరెంటు ఉంటే, పాత మోటారు తొమ్మిది గంటల్లో తోడే నీళ్లు కొత్తది ఆరు గంటల్లోనే తోడేస్తుంది. మిగిలిన మూడు గంటలు మోటారు ఆపితే కరెంటు మిగులుతుంది, నీళ్ల వాడకం పెరగదు. ఆపకపోతే? కరెంటు ఒక్క యూనిట్ కూడా మిగలదు, బోరు మాత్రం ఇంకా తొందరగా ఎండుతుంది. ఉచిత కరెంటుకు ఆటో స్టార్టర్ తోడైతే జరిగేది ఇదే. కరెంటు వచ్చిన క్షణం నుంచి పోయే క్షణం దాకా మోటారు తనంతట తాను తిరుగుతూనే ఉంటుంది, పొలంలో మనిషి ఉండడు. నేను ఒక తోటలో పొద్దున ఏడింటికి చూశాను, పాదులు నిండి, గట్టు తెగి, నీళ్లు బాటమీద పారుతున్నాయి, అది తోడింది ఏడొందల అడుగుల లోతు నుంచి. ఎన్ని వానాకాలాలు పడితే ఆ నీళ్లు అక్కడికి దిగుతాయో!

నీటి మట్టం దిగితే ఏమవుతుందో ఆ పై లెక్కలోనే ఉంది. వంద మీటర్లు కాస్తా రెండొందల మీటర్లయితే కరెంటు రెట్టింపు. అప్పుడు 50 శాతం పంపు కూడా వెయ్యి లీటర్లకు 1.1 యూనిట్ తింటుంది, అంటే పాత మోటారు వంద మీటర్ల దగ్గర తిన్నదానికంటే ఎక్కువే. పదేళ్లు కష్టపడి మోటార్లు మార్చిన పొదుపంతా భూగర్భ జలం దిగిపోవడంతో కొట్టుకుపోతుంది. అందుకే నా అభిప్రాయం గట్టిగా చెబుతున్నాను. మోటారు మార్పిడి ఒక్కటే ఇచ్చి నీళ్ల లెక్క పెట్టని పొదుపు పథకం సగం పథకం కూడా కాదు.

మీరు ఏం చేయాలంటే, మోటారు తప్పకుండా మార్చుకోండి. కానీ బోరు లోతు, నీటి మట్టం, రావాల్సిన నీళ్లు కొలిపించి దానికి సరిపోయేదే పెట్టించండి. పక్క పొలంలో 10 హెచ్‌పీ ఉందని మీరూ అదే పెడితే పొదుపు లేదు. ఆటో స్టార్టర్ తీసేయండి. చీనీకి డ్రిప్ ఇప్పటికే ఉంటే ఫిల్టర్, లేటరల్ పైపులు శుభ్రం చేయించండి, మూసుకుపోయిన డ్రిప్పర్ల వల్ల మోటారు గంటలు పెరుగుతాయి. పగటిపూట కరెంటు అడగండి. పాములు, చీకటి, షాకుల బాధ తప్పడం ఒకటి, పగలు నడిచే మోటారు సోలార్ కరెంటు వాడుకోవడం ఇంకొకటి.

మన జిల్లాల్లోనే దీనికి ఒక మంచి ముందడుగు ఉంది. 2000ల దశకంలో అనంతపురం సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే తమ భూగర్భ జలాలను కొలుచుకున్న ప్రాజెక్టు ఒకటి నడిచింది. ఊళ్లో వాన కొలిచే గిన్నె పెట్టుకుని, బోర్లలో మట్టం రాసుకుని, రబీ ముందు అందరూ కూర్చుని "ఈ ఏడు ఇన్ని నీళ్లున్నాయి, ఏ పంట వేద్దాం" అని లెక్కేసుకునేవారు. గోడ మీద పెయింటుతో ఆ అంకెలు రాసేవారు. ఎవరూ మోటార్లు మార్చమని చెప్పలేదు, అయినా వరి మానేసి వేరే పంటలకు వెళ్లినచోట కరెంటు దానంతట అదే తగ్గింది.

ప్రశ్న: ఏసీ 24 డిగ్రీల మీద పెట్టమంటారు, నిజంగా తేడా ఉందా? పదేళ్ల పాత ఏసీ ఉంది, మార్చి ఫైవ్ స్టార్ కొంటే పర్యావరణానికి మంచిదేనా? (ఐటీ ఉద్యోగిని, హైదరాబాద్)

తేడా ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు తగ్గుతుందని స్టార్ లేబుళ్లు ఇచ్చే కేంద్ర సంస్థ బీఈఈ చెబుతుంది, 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గరే మొదలవ్వాలన్న నిబంధన ఉంది.

పాతది మార్చడం గురించి ఒక్క మాట గుర్తుంచుకోండి. ఆ పాత ఏసీలో చాలావరకు ఆర్-22 గ్యాస్ ఉండొచ్చు. అది ఓజోన్ పొరకు హాని చేస్తుంది, పైగా ఒక కిలో ఆర్-22 గాల్లోకి వదిలితే 1.8 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడి పెరుగుతుంది. దేశ సగటు ప్రకారం చూస్తే అది దాదాపు 2,500 యూనిట్ల కరెంటుతో సమానం. కొత్త ఏసీతో మీరు కొన్ని వేసవుల్లో మిగిల్చేది, పాతది విప్పే పది నిమిషాల్లో 'స్స్' మని పోతుంది. నేను చూసిన చాలా ఇళ్లలో జరిగింది ఇదే. మెకానిక్ స్పానర్‌తో నట్టు వదులు చేసి, గ్యాస్ బాల్కనీలోకి వదిలేసి, యూనిట్ భుజాన వేసుకుని వెళ్లిపోతాడు. ఆ అబ్బాయిని తప్పు పట్టలేం, గ్యాస్ తిరిగి సిలిండర్‌లోకి పట్టే మిషన్ అతని దగ్గర ఉండదు, ఎవరూ డబ్బు ఇవ్వరు. కనీసం 'పంప్ డౌన్' చేసి గ్యాస్ అవుట్‌డోర్ యూనిట్‌లోకి పట్టి వాల్వులు మూసి విప్పమని అడగండి, ఏసీ నడుస్తున్న స్థితిలో ఉంటే అది ఏ మెకానిక్‌కైనా తెలిసిన పనే. అలా బిగించిన యూనిట్‌ని లైసెన్సు ఉన్న ఈ-వ్యర్థాల వాళ్లకు ఇవ్వండి, పాత ఇనుప సామాన్ల బండికి కాదు. కొత్తది కొనేటప్పుడు ఆర్-32 గానీ ఆర్-290 గానీ ఉన్నది చూడండి, వీటి వేడి ప్రభావం పాతవాటికంటే బాగా తక్కువ.

పై అంతస్తులో ఉంటే డాబా మీద కూల్ రూఫ్ పెయింట్ గురించి అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో అడగండి. తెలంగాణ 2023లో ప్రత్యేకంగా కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. ఎండ తిరిగి పైకి పోతే కింద గది చల్లబడుతుంది, ఏసీ బయటికి కక్కే వేడి కూడా తగ్గుతుంది. మన ఏసీ పక్కింటివాళ్ల కిటికీకి వేడి పోస్తుందని మరచిపోతుంటాం.

ఇంకో చిన్న జాగ్రత్త. చల్లదనం పోకూడదని గది సందులన్నీ మూసేసి లోపల దోమల కాయిల్, అగరొత్తులు వెలిగించకండి. కరెంటు మిగలొచ్చేమో గానీ ఆ పొగ రాత్రంతా మీ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. పొద్దున, సాయంత్రం కిటికీలు తీసి ఉంచండి.

ప్రశ్న: విశాఖ బీచ్ రోడ్డు ఎల్‌ఈడీ లైట్లతో పట్టపగల్లా ఉంటోంది. దీనివల్ల తాబేళ్లకు ఇబ్బంది అని విన్నాను, నిజమేనా? (డిగ్రీ విద్యార్థి, విశాఖపట్నం)

నిజమే. హుద్‌హుద్ తుఫాను తర్వాత మీ నగరంలో 90 వేలకు పైగా వీధి దీపాలు ఎల్‌ఈడీలుగా మారాయి, కరెంటు బాగా మిగిలింది, దాన్ని తక్కువ చేయను. కానీ మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు చలికాలంలో వచ్చి గుడ్లు పెడతాయి. పిల్లలు రాత్రి ఇసుకలోంచి బయటికొచ్చి వెలుతురు ఎటుంటే అటు పాకుతాయి, ప్రకృతిలో ఆ వెలుతురు సముద్రం మీద ఉంటుంది. రోడ్డు వైపు తెల్లటి దీపాలుంటే అటు నడిచి చనిపోతాయి. నీలం ఎక్కువున్న తెల్ల కాంతి పురుగులను కూడా ఎక్కువ లాగుతుంది. దీనికి పరిష్కారం ఖరీదైనది కాదు. పసుపు ఛాయ దీపాలు, కాంతి నేల మీదకే పడేలా తొడుగు, గుడ్లు పొదిగే నెలల్లో రాత్రి పది తర్వాత వెలుతురు తగ్గించడం. ఇలా వెలుతురు తగ్గించడం ఎల్‌ఈడీకి సులువు, పాత సోడియం దీపానికి అంత సులువు కాదు. కార్పొరేషన్‌కు అర్జీ పెట్టండి, అటవీ శాఖకు కాపీ ఇవ్వండి.

ప్రశ్న: ప్రభుత్వం పొదుపు ప్రణాళిక తెస్తే అది మంచిదో కాదో మామూలు జనం ఎలా తెలుసుకోవాలి? (రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, కర్నూలు)

ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది, దాన్ని 2022లో సవరించి కార్బన్ క్రెడిట్ల (తగ్గించిన కార్బన్‌కు ఇచ్చే, అమ్ముకోగల పత్రాల) వ్యాపారానికి, పెద్ద నివాస భవనాలకు కూడా వర్తించేలా చేశారు. ప్రతి రాష్ట్రానికి ఒక బాధ్యత గల సంస్థ ఉంటుంది, ఆంధ్రప్రదేశ్‌లో ఇంధన పొదుపు మిషన్, తెలంగాణలో రెడ్కో పేర్లు మీరు వినే ఉంటారు. పెద్ద పరిశ్రమలకు ఇంధన వాడకం ఇంత తగ్గించాలని లక్ష్యం పెట్టిన పాట్ పథకం మొదటి విడత, 2012 నుంచి 2015 దాకా, 478 పరిశ్రమల్లో 3.1 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ని తప్పించిందని అధికారిక లెక్క. సిమెంటు, ఉక్కు, థర్మల్ కేంద్రాలు ఇందులో ఉన్నాయి. ఇలాంటి పెద్ద చోట్ల ఒక శాతం తగ్గినా అది చిన్న సంగతి కాదు.

ప్రణాళిక చేతికొస్తే నేను చూసేవి మూడు. ఆదా ఏ గంటల్లో అవుతోంది, తీసేసిన పాత సామాను ఎవరు తీసుకెళ్తున్నారు, వ్యవసాయం ఉంటే నీటి మట్టం కొలుస్తున్నారా లేదా. ఈ మూడింటి గురించి ఒక్క పేజీ కూడా లేకపోతే, కలెక్టరేట్‌లో ప్రజాభిప్రాయం అడిగినా, విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెట్టినా, వెళ్లి అడగండి. ఆ విచారణల్లో ఎవరైనా మాట్లాడవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఖాళీ కుర్చీలే ఎక్కువ ఉంటాయి అక్కడ.

ప్రశ్న: డిసెంబర్ 14 నుంచి మా స్కూల్లో ఇంధన పొదుపు వారోత్సవాలు. వ్యాసరచన పోటీలో ఏం రాయాలి సార్? (తొమ్మిదో తరగతి విద్యార్థిని, ఖమ్మం)

తల్లీ, ఏ పుస్తకంలోంచీ రాయకు. శనివారం స్కూలు వదిలాక వాచ్‌మెన్ తాతను అడిగి మీటర్ రీడింగ్ రాసుకో. సోమవారం పొద్దున్నే బెల్లు కొట్టకముందు మళ్లీ రాసుకో. స్కూల్లో ఎవరూ లేని ఆ గంటల్లో ఎన్ని యూనిట్లు తిరిగిందో తీసివేసి చూడు. ఎంతో కొంత తప్పకుండా వస్తుంది. ఇప్పుడు మీ టీచర్‌తో కలిసి అది ఎక్కడ పోయిందో వెతుకు. కంప్యూటర్ ల్యాబ్‌లో ఆపని స్విచ్‌బోర్డు కావచ్చు, స్టాఫ్ రూమ్‌లో వాటర్ కూలర్ కావచ్చు, పొంగిపోతున్న ట్యాంకు మోటారు కావచ్చు, వరండాలో రెండు రోజులూ వెలిగిన లైటు కావచ్చు. దొరికినదాని పక్కన, పైన టీచరమ్మకు చెప్పిన లెక్క ప్రకారం ఎంత బొగ్గు, ఎంత బూడిద, ఎన్ని లీటర్ల నీళ్లో వెయ్యి. స్టోర్ రూమ్‌లో పాత ట్యూబ్‌లైట్లు ఎన్ని ఉన్నాయో కూడా లెక్కపెట్టు, ముట్టుకోకుండా. వ్యాసం రాశాక ఒక కాపీ నాకు పంపు, మీ రీడింగులు వచ్చే నెల ఇక్కడ వేస్తాను.